నిశానీ వేసే చేతికి కలం అందించేదెవరు?

మన జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డకూ, ఏ మతం ఇంట పుట్టినా, రామదాసు కథ తెలుసు. నేలకొండపల్లి గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడనీ, తానీషా ఆయనను గోల్కొండ ఖైదులో వేశాడనీ, చివరకు రామలక్ష్మణులే సేవకుల వేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించారనీ జనం చెప్పుకొంటారు. ఆ కథలో మేము ఎప్పుడూ ఆగి ఆలోచించే చోటు ఒకటుంది. సొమ్ము చెల్లించినవారు ఊరికే వెళ్లిపోలేదు, తానీషా చేత రసీదు రాయించుకొన్నారు. ఆ రసీదు ఉంటేనే గోపన్నకు విడుదల. విశ్వాసం వేరు, చరిత్ర వేరు, ఆ చర్చ ఇక్కడ అక్కరలేదు. అయితే ఈ కథను చెప్పుకొన్న మన పూర్వికులకు ఒక సంగతి బాగా తెలుసు. సర్కారు ముందు మాట నిలవదు, కాగితం నిలుస్తుంది.

ఆ భద్రాచలానికి నాలుగు వైపులా ఉన్న అడవి అంచు పల్లెల్లో, తన పేర రాసిన రసీదును తాను చదువుకోలేని మగవాడు నేటికీ కనిపిస్తూనే ఉన్నాడు. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు, అశ్వాపురం, పినపాక, గుండాల, టేకులపల్లి, ఎటు వెళ్లినా అంతే. వారిలో కోయవారున్నారు, లంబాడీలున్నారు, దళితులున్నారు, మనవాళ్లూ ఉన్నారు. మనవాళ్ల గురించి మనమే మాట్లాడడం లేదు గనుక ఈ వ్యాసం రాయవలసి వచ్చింది. సంతల్లో గాజులూ, బట్టలూ, ఉల్లీ, వెల్లుల్లీ అమ్మేవారు, కోడినీ మేకనూ కోసి అమ్మే ఖురేషీలు, పరుపులు కుట్టే దూదేకులవారు, సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ మోటారు సైకిళ్ల మరమ్మతులోకి వచ్చినవారు, ఆటోలూ ట్రాక్టర్లూ లారీలూ నడిపేవారు. వీరిలో నలభై దాటినవారిని పలకరించి బడి మాట ఎత్తితే చాలా మంది మాట మారుస్తారు. తెలంగాణ పల్లెల్లో చదువురానివాణ్ని 'నిశానీ' అంటారు. ఆ మాట మన ఉర్దూదే. గుర్తు అని అర్థం. కాగితం మీద వేసిన గుర్తు చివరికి మనిషికే పేరైపోయింది.

అంకెలు చూద్దాం. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో అక్షరాస్యత 64.81 శాతం. పురుషులలో 72.30, స్త్రీలలో 57.44. అంటే ఏడేళ్లు నిండిన మగవారిలో నూటికి దాదాపు 28 మందికి అక్షరం రాదు. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. దాని తరువాత జనగణన జరగనే లేదు. స్త్రీల పరిస్థితి ఇంకా వెనుకబడి ఉందని ఈ అంకెలే చెబుతున్నాయి. అందుచేత మగవారి చదువు గురించి రాయడం ఆడవారి చదువును తక్కువ చేయడం కాదు. ఇంటి పేరిట ఉన్న ప్రోనోటు, బ్యాంకు అప్పు, వాహనం కాగితాలు, దుకాణం అద్దె ఒప్పందం ఎక్కువగా మగవాడి పేరనే ఉంటాయి. అతడికి చదువు రాకపోతే మోసపోయేది అతడొక్కడే కాదు, ఆ ఇల్లంతా.

మన సముదాయానికి సంబంధించి ఒక చిక్కు ఉంది. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక 2001 జనగణన లెక్కల ఆధారంగా దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమనీ, అది దేశ సగటు కంటే సుమారు ఆరు శాతం తక్కువనీ చెప్పింది. దీన్ని మనం ప్రతి వేదిక మీదా చెబుతాం. అదే లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు అరవై పైచిలుకు మాత్రమే. ఈ రెండో అంకెను మనమూ తరచు చెప్పము, చెప్పినవారు దాన్ని మనకు వ్యతిరేకంగా వాడుతారు. నిజానికి ఆ 68 శాతం వెనుక ఉన్నది పట్టణం. మన జనాభాలో ఎక్కువ భాగం హైదరాబాదులోనూ, ఇతర పట్టణాల్లోనూ ఉంది. బస్తీలో పక్క సందులో బడి, మదరసా ఉంటాయి. అడవి అంచున పది పదిహేను ముస్లిం ఇళ్లున్న పల్లె ఆ సగటులో ఎక్కడా కనిపించదు. హైదరాబాదు అంకె మన పల్లె మనిషిని కప్పేసింది. 2016లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన సుధీర్ కమిషన్ తరువాత కూడా మన చర్చ అంతా రిజర్వేషన్ల శాతం చుట్టూనే తిరిగింది. రిజర్వేషన్ కావాలి, అందులో సందేహం లేదు. అది పదో తరగతి దాటిన కొడుకుకు పనికివస్తుంది. దరఖాస్తు చదవలేని తండ్రికి పనికిరాదు.

'అక్షరాస్యుడు' అంటే ఎవరో కూడా తెలుసుకోవాలి. జనగణన నిర్వచనం ప్రకారం ఏ భాషలోనైనా సరే, అర్థం చేసుకొంటూ చదవగలిగి రాయగలిగినవాడు అక్షరాస్యుడు. ఉర్దూ మాత్రమే వచ్చినవాడూ అక్షరాస్యుడే. మరి ఖురాన్‌ను నాజిరా చదివేవాడు? అరబీ అక్షరాలు పోల్చుకొంటాడు, కలిపి చదువుతాడు, తప్పు చదివితే దిద్దుకొంటాడు. అర్థం తెలియదు గనుక, రాయడం రాదు గనుక, లెక్కలో నిరక్షరాస్యుడు. ఇందులో జనగణనను తప్పుపట్టవలసింది లేదు. మేము చెప్పదలచింది వేరు. అలాంటి మనిషికి 'ఈ వయసులో నాకు అక్షరాలేం ఎక్కుతాయి' అనే మాట వర్తించదు. కుడి నుంచి ఎడమకు ఒక లిపిని పట్టుకొన్న కంటికి ఎడమ నుంచి కుడికి మరొకటి పట్టుబడదా? మన ఊళ్లలో చదువురాని వారిగా పేరుపడ్డ ఎందరో పెద్దలు సగం దారి నడిచి వచ్చినవారే. వయోజన విద్య పుస్తకాలు తయారుచేసేవారికి ఈ సంగతి పట్టదు. మనకైనా పట్టాలి కదా.

ఇక అక్షరం రాకపోతే పోయేదేమిటో చూద్దాం. 'ఫోన్ ఉంది, మాట రికార్డు చేసి పంపుతున్నాం, డబ్బు పడితే డబ్బా పెట్టె గట్టిగా అరిచి చెబుతోంది, ఇంకా చదువెందుకు' అని కుర్రవాళ్లు కూడా అడుగుతున్నారు. ఆ మాటకు జవాబు వారి వేలి చివరనే ఉంది. ఒకప్పుడు వేలిముద్ర క్రమంగా కనుమరుగవుతుందనుకొన్నాం. ఆధార్ వచ్చి దాన్ని మళ్లీ సింహాసనం ఎక్కించింది. పల్లెలో బ్యాంకు ప్రతినిధి యంత్రం మీద వేలు పెట్టమంటాడు. ఎంత మొత్తం టైపు చేశాడో తెర మీద ఉంటుంది. చదవగలిగినవాడు చూస్తాడు, చదవలేనివాడు నమ్ముతాడు. వెయ్యి అడిగి వెయ్యి పుచ్చుకొని వెళ్లినవాడికి ఖాతాలో నుంచి పోయింది వెయ్యేనా, మూడు వేలా అన్నది ఎప్పటికో తెలుస్తుంది, లేదా ఎన్నటికీ తెలియదు. చదువు వచ్చినవారికి వేలిముద్ర ఒక సౌకర్యం, రానివారికి అదొక ప్రమాదం.

వాహనాల సంగతి మన వాళ్లకు మరీ దగ్గరిది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రవాణా వాహనం నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదువు ఉండాలి. ఆ నిబంధనను 2019లో తొలగించారు. మన డ్రైవర్లకు అది మేలు చేసిన నిర్ణయమే. నిబంధన పోయినా రోడ్డు మీది బోర్డు, చలాను కాగితం, ఫైనాన్స్ కంపెనీ కట్టించుకొన్న వాయిదాల చీటీ, బీమా గడువు తేదీ పోలేదు. వాటిని చదివి చెప్పే మనిషి కోసం డ్రైవరు తిరుగుతూనే ఉన్నాడు. చదివి చెప్పినందుకు టీ ఖర్చు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ.

అడవి అంచున కాగితానికి ఇంకా బరువు ఎక్కువ. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1970 నాటి 1/70 నిబంధన ప్రకారం ఇక్కడ గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. ఆదివాసీ చేతిలోని భూమిని కాపాడే ఆ చట్టం న్యాయమైనదనే మేము భావిస్తాం. దాన్ని ఎత్తివేయాలనే వారితో మనం కలవకూడదు. అయితే దాని ఫలితంగా ఇక్కడి ముస్లిం పేదవాడు భూమి మీద కాక చిన్న వ్యాపారం మీద, కూలి మీద, అప్పు మీద బతుకుతున్నాడు. అప్పు అంటేనే కాగితం. తరతరాలుగా అడవి భూమిలో ఉన్నవారికి 2006 అటవీ హక్కుల చట్టం ఒక దారి చూపింది. గిరిజనేతరులైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ నివసించినట్లు రుజువు చూపాలి. రుజువులలో ఊరి పెద్ద చెప్పిన వాంగ్మూలం కూడా చెల్లుతుంది. కానీ అది రాతలోకి వచ్చి ఉండాలి. ఎంతో తెలిసిన పెద్దమనిషి జ్ఞాపకం, రాసేవాడు లేక, రుజువు కాకుండా పోవడం కంటే దుర్మార్గం ఏముంది? పోలవరం కోసం 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు ఒకే కుటుంబంలో అన్నదమ్ములు రెండు రాష్ట్రాల పౌరులయ్యారు. ఒకరి రేషను కార్డు ఒక ప్రభుత్వానిది, మరొకరిది ఇంకొకరిది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు నీళ్లలో తడిసిన కాగితాలను ఆరేసి, వాటిలో ఏది దాచుకోవలసిందో, ఏది పారేయవలసిందో పోల్చుకోలేకపోయిన ఇళ్లున్నాయి.

పేర్ల బాధ చెప్పనే అక్కరలేదు. షేక్, షైక్, షేఖ్. మహ్మద్, మహమ్మద్, మొహమ్మద్. రేషను కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, కొడుకు బడి పుస్తకంలో ఇంకొకటి. రాసిన గుమాస్తాకు అన్నీ ఒకటే. తన పేరు ఎలా రాశారో చూసుకోగలిగిన తండ్రి అప్పుడే దిద్దించుకొంటాడు. చూసుకోలేని తండ్రి ఇరవై ఏళ్ల తరువాత అఫిడవిట్ల కోసం తిరుగుతాడు. 2019లో అస్సాం పౌరుల జాబితా నుంచి 19 లక్షల పైచిలుకు మంది జారిపోయారు. పాత కాగితాల్లో పేరు, వయసు, తండ్రి పేరు ఒకదానితో ఒకటి కుదరకపోవడం అక్కడ ఎందరినో ఏడిపించింది. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు పేదలు మళ్లీ కాగితాల కట్టలు విప్పవలసి వచ్చింది. అలాంటి రోజు మన తలుపు తట్టకముందే మేలుకోవడం మంచిది.

మన మగవాళ్లకు ఈ గతి ఎలా పట్టింది? పేదరికం మొదటి కారణం, దాని మీద ఎక్కువ రాయనక్కరలేదు. పిల్లవాడి చేతికి తక్కెడో, పానాయో ముందుగా వచ్చింది, పలక వెనుకబడింది. రెండో కారణం భాష. గోదావరికి ఇవతలి ఖమ్మం, పాల్వంచ ప్రాంతం నిజాం రాజ్యంలోనిది. అక్కడ కచేరీ భాష ఉర్దూ. అవతలి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండి, ఆ తరువాత తూర్పు గోదావరి నుంచి 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. అక్కడ కచేరీ భాష వేరు. 1956 తరువాత అంతటా తెలుగు వచ్చింది, రావలసిందే. ఉర్దూలో నాలుగు ముక్కలు చదివిన తాత ఒక్కసారిగా తెలుగు కాగితం ముందు నిశానీ అయ్యాడు. మనుమడికి ఉర్దూ బడి లేదు, తెలుగు బడిలో వెనక బెంచీ. ఉమ్మడి రాష్ట్రంలో జిల్లాను ప్రమాణంగా తీసుకొని ఉర్దూకు రెండో అధికార భాష హోదా ఇచ్చినప్పుడు, తెలంగాణ పది జిల్లాల్లో ఖమ్మానికి మాత్రమే ఆ హోదా దక్కలేదు. 2017లో రాష్ట్రమంతా ఒకే యూనిట్ అయ్యాక గాని మన జిల్లాకు రాలేదు. వింత ఏమిటంటే తహసీలు, పహాణీ, ఖాతా, రసీదు, దస్తావేజు, జమాబందీ, ఈ మాటలన్నీ మన నాలుక మీదివే. కచేరీ అంతా మన మాటలతో నడుస్తోంది, ఆ మాటలు రాసిన కాగితం మాత్రం మనవాడికి చదవరాదు.

అందుచేత వయోజనుడికి ఏ లిపి ముందు నేర్పాలన్న ప్రశ్నకు మా జవాబు సూటిగా చెబుతాం. ఈ ప్రాంతంలో తెలుగు ముందు. ఈ మాట కొందరు పాఠకులకు నచ్చకపోవచ్చు. ఉర్దూ మన సంస్కృతికి ఊపిరి. పిల్లలకు అది అందాలని ఈ పత్రిక పాఠకులే ఎన్నో చోట్ల పోరాడారు, పోరాడాలి. కానీ యాభై ఏళ్ల సంత వ్యాపారికి రోజుకు ఒక గంట మాత్రమే ఉంది. ఆ గంటను అతడి ఇంటికి వచ్చే నోటీసు ఏ భాషలో ఉందో ఆ భాషకే ఇవ్వాలి. పైగా మనలో దూదేకుల సోదరులకు ఇంటి భాషే తెలుగు. వారికి ఉర్దూతో మొదలుపెట్టడమంటే మాటా, లిపీ రెండూ ఒక్కసారి నెత్తిన వేయడమే.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనలేము. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు నడిచాయి. మన పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొన్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. చదువు తరగతి కేవలం అక్షరాల తరగతి కాదని అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. కేరళలో 1991 ఏప్రిల్ 18న సంపూర్ణ అక్షరాస్యతను ప్రకటించే గౌరవం మలప్పురం జిల్లాకు చెందిన చేలక్కోడన్ ఆయిషా అనే ముస్లిం మహిళకు దక్కింది. ఆమె అప్పుడే అక్షరాలు నేర్చినది, పెద్ద వయసులో నేర్చినది.

2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ లక్ష్యం ఏడు కోట్ల మంది. అందులో ఆరు కోట్లు స్త్రీలు. మైనారిటీలు 1 కోటి 20 లక్షలని ప్రత్యేకంగా చెప్పారు. స్త్రీలకు పెద్ద వాటా న్యాయమే. కాని ఆచరణలో జరిగింది వేరు. మహిళా సంఘాల జాబితా సిద్ధంగా ఉంటుంది, సమావేశం రోజు తెలుసు, వారిని కూర్చోబెట్టడం తేలిక. మగవాడికి సంఘం లేదు. పొద్దున ఒక ఊళ్లో, సాయంత్రం ఇంకో ఊళ్లో ఉంటాడు. వాడి కోసం వెతికే ఓపిక ఏ అధికారికీ లేకపోయింది. 2018 మార్చి 31తో ఆ పథకమే ముగిసింది. నెలకు రెండు వేల గౌరవ వేతనంతో ఊళ్లలో కేంద్రాలు నడిపిన సమన్వయకర్తలు వీధిన పడ్డారు. 2020 జనవరి 1న అప్పటి ముఖ్యమంత్రి చదువు వచ్చిన ప్రతి ఒక్కరూ మరొకరికి నేర్పాలని పిలుపునిచ్చారు. పల్లె ప్రగతి రెండో విడతలో ఊరూరా చదువురాని పెద్దల జాబితాలు రాశారు. రెండు నెలలకే కరోనా వచ్చింది. ఆ జాబితాలు పంచాయతీ బీరువాల్లో ఉండిపోయాయి. 2022 నుంచి 2027 దాకా నడిచే ఉల్లాస్ కార్యక్రమానికి కేటాయింపు 1,037.90 కోట్లు, లక్ష్యం అయిదు కోట్ల మంది. అంటే తలకు అయిదేళ్లకు కలిపి దాదాపు రెండు వందల రూపాయలు. నేర్పేవాడికి వేతనం లేదు, స్వచ్ఛందంగా నేర్పాలి. వేతనం లేకుండా అడవి దారిలో రాత్రిపూట పాఠం చెప్పడానికి ఎవరు వస్తారో ఢిల్లీలో కూర్చొని ఊహించడం కష్టం కాబోలు.

చట్టం వైపు నుంచి చూసినా అంతే. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కు అని చెప్పిన చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ రోజుకు పదిహేను నిండిన కుర్రవాడు ఆ హక్కు గడప దగ్గరే ఆగిపోయాడు. నేడు అతడు ముప్పై దాటిన తండ్రి. అతడి చదువు ఎవరి బాధ్యతా కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'సంతకం నేర్పే' కార్యక్రమాలను మన సంస్థలు కొన్ని మంచి మనసుతోనే చేస్తున్నాయి. మేము వాటితో ఏకీభవించము. నిశానీ వేసేవాడికి లోకం ఒక చిన్న రక్షణ ఇచ్చింది. పత్రాన్ని అతడికి చదివి వినిపించామని రాయాలి, సాక్షులు ఉండాలి, వివాదం వస్తే వినిపించినట్టు చూపవలసిన భారం అవతలివాడి మీద పడుతుంది. సంతకం చేసినవాడు చదివే చేశాడని అందరూ అనుకొంటారు. చదవడం నేర్పకుండా పేరు గీయడం మాత్రమే నేర్పితే, ఉన్న రక్షణ ఊడిపోయి కొత్త శక్తి ఏదీ రాదు. వడ్డీ వ్యాపారికి అలాంటి సంతకమే ఎక్కువ ఇష్టం. నేర్పితే చదవడం నేర్పాలి. సంతకం చివరి పాఠం కావాలి.

మన బాధ్యత దగ్గరకు వద్దాం. జల్సాల్లో 'ఇఖ్రా' అనే మాట వినని ముస్లిం లేడు. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ దేని గురించో అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. బఖరా సూరాలోని 282వ ఆయత్ అది, అప్పు ఇచ్చిపుచ్చుకొన్నప్పుడు రాసుకోవడం గురించినది. రాసేవాడి గురించి, సాక్షుల గురించి, చిన్న మొత్తమైనా సరే రాయడానికి బద్ధకించకపోవడం గురించి. అంత వివరంగా చెప్పిన ధర్మాన్ని పాటించేవారి సంతలో అప్పు నోటిమాట మీద, వేలిముద్ర మీద నడుస్తోంది. బద్ర్ యుద్ధ ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలు పదేసి మందికి అక్షరాలు నేర్పితే విడుదల చేశారని సీరా గ్రంథాల్లో చదువుతాం. ఆ గురువులు ముస్లింలు కారు, నిన్నటి శత్రువులు. అలాంటప్పుడు మన మస్జిద్ వరండాలో పాఠం చెప్పడానికి ఊరి బడి పంతులును, కోయ యువకుణ్ని, పనిపోయిన సాక్షర భారత్ సమన్వయకర్తను పిలవడానికి సంకోచం ఎందుకు? వారికి నెలకు కొంత ఇవ్వగలిగిన సొమ్ము మన జమాత్‌లలో లేదనడం నిజం కాదు. ఒక రాత్రి జల్సాకు షామియానా, మైకులు, అతిథుల కార్ల ఖర్చు లెక్కవేసుకొన్నవారికి ఆ సంగతి తెలుసు.

మగవాడిని తరగతికి రప్పించడంలో అసలు అడ్డంకి సిగ్గు. ఇంటి పెద్ద, నలుగురిలో మాట చెల్లినవాడు, పలక పట్టుకొని కూర్చోవడానికి ఒప్పుకోడు. అందుకే బడి గదికి పిలవవద్దు. ఇషా నమాజు తరువాత ఎలాగూ పదిమంది మిగులుతారు. అక్కడ మొదలుపెట్టాలి. మొదటి పుస్తకంగా 'అ అంటే అమ్మ' వద్దు. అతడి బండి బీమా కాగితం, కరెంటు బిల్లు, సంత పన్ను చీటీ, తునికాకు కళ్లంలో ఇచ్చే లెక్క, ఇవే పాఠాలు. కట్టకు యాభై ఆకులు, బస్తాకు వెయ్యి కట్టలు అని నోటి లెక్క అతడికి కొట్టినపిండి. ఆ అంకెలను కాగితం మీద గుర్తుపట్టడమే మిగిలింది. నేర్పడానికి ఇంట్లో ఒక గురువు ఉండనే ఉంది. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. సెలవులకు ఇంటికి వచ్చే కూతురు అబ్బాకు నెలలో నేర్పగలిగినంత ఏ పథకమూ నేర్పలేదు. పరాయివాడి ముందు సిగ్గుపడే తండ్రి బిడ్డ ముందు సిగ్గుపడడు. కొందరు పడతారు, నిజమే. ఆ కొందరికి వరండా ఉంది.

తరగతి మనవాళ్లకు మాత్రమే పరిమితం కావాలని మేము అనుకోవడం లేదు. అదే పల్లెలో అదే వడ్డీ వ్యాపారి చేతిలో మోసపోతున్న కోయ, లంబాడీ, మాదిగ సోదరులు వరండా మెట్ల మీద కూర్చుంటే మనకు పోయేదేమీ లేదు. మస్జిద్ వద్దంటే వేపచెట్టు కింద కూర్చోవచ్చు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి రెండే. 2024 నవంబరులో మొదలైన కుల సర్వేలో ముస్లింలు 12.56 శాతమని తేలింది. ఆ సర్వేలో చదువు వివరాలు కూడా అడిగారు. మండలాల వారీగా, వయసుల వారీగా, స్త్రీ పురుషుల వారీగా ముస్లింల అక్షరాస్యత ఎంతో బయటపెట్టాలి. శాతం ప్రకటించడానికి ఉన్న తొందర దీనికీ ఉండాలి. రెండోది, ఉల్లాస్‌లో నేర్పేవారికి ఏజెన్సీ మండలాల్లోనైనా వేతనం ఇవ్వాలి, రాత్రి తరగతులను లెక్కలో చేర్చాలి. ఇవి అడగడానికి ముందు 2020 నాటి జాబితా ప్రతిని మీ పంచాయతీ కార్యదర్శి దగ్గర అడిగి చూడండి. దొరికితే అందులో మన పేర్లకు ఎదురుగా గీత గీసుకోండి. దొరకకపోతే మీరే రాయండి. పదిహేను ఇళ్ల ఊరికి ఒక సాయంత్రం చాలు.

తునికాకు పని జూన్ మొదటికి ముగుస్తుంది. వానలు పడ్డాక మేస్త్రీ పనులు, లారీ కిరాయిలు తగ్గి మగవాళ్లు రాత్రిళ్లు ఊళ్లోనే ఉంటారు. తరగతి మొదలుపెట్టడానికి అదే అదను. కరెంటు పోతుంది గనుక చార్జింగ్ దీపం ఒకటి ముందే కొనిపెట్టాలి. సంత రోజున ఎవరూ రారు. ఏ ఊళ్లో ఏ వారం సంతో చూసుకొని, ఆ రోజు సెలవని మొదటి రోజే చెప్పాలి.